ఓడినవాళ్లకూ ఓ ఆదివారం

*పదకొండు మంది ఆడాల్సిన చోట ఏడుగురే దిగారు. తొంభై నిమిషాల్లో 55 గోల్స్ సమర్పించుకున్నారు. అయినా ఆఖరి విజిల్ దాకా మైదానం వదల్లేదు. ఫుట్‌బాల్‌ని నిలబెడుతున్నది ప్రపంచకప్ విజేతలు మాత్రమే కాదు, ఊరి లీగ్‌లో చిత్తుగా ఓడి కూడా మళ్లీ బూట్లు కట్టుకునే ఇలాంటి జట్లే. అలాంటి లీగ్‌లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయి?*

ఇంగ్లండ్ పటంలో పడమటి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కార్న్‌వాల్. అక్కడ పెంజాన్స్ పట్టణానికి కూతవేటు దూరంలో మాడ్రన్ అనే చిన్న ఊరు. 2010 నవంబర్‌లో ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు స్థానిక మైనింగ్ లీగ్‌లో ఇల్లోగన్ రిజర్వ్స్ జట్టుతో తలపడింది. మాడ్రన్ తరఫున వచ్చింది ఏడుగురే.

మొదటి గోల్ పడింది. వెంటనే రెండోది. తర్వాత లెక్కపెట్టడం రిఫరీ పనే అయింది. సగటున 98 సెకన్లకో గోల్. ఫుట్‌బాల్ నియమం ప్రకారం, గోల్ ఇచ్చుకున్న జట్టే మైదానం మధ్య నుంచి ఆటను తిరిగి మొదలుపెట్టాలి. అంటే గోల్ పడ్డ ప్రతిసారీ ఆ ఏడుగురే వెనక్కి నడిచి, బంతిని సెంటర్‌లో పెట్టి, మళ్లీ తన్నాలి. కాసేపటికే మళ్లీ వల కదులుతుంది. మళ్లీ అదే నడక. ఆట ముగిసేసరికి స్కోరు 55-0.

ఇక్కడ ఇంకో నియమం గురించి చెప్పుకోవాలి. ఏ జట్టులోనైనా ఏడుగురికన్నా తక్కువైతే మ్యాచ్ కొనసాగదు. అంటే ఆ ఏడుగురిలో ఒక్కరు తొడ కండరం పట్టేసిందని గీత దాటినా ఆట అక్కడితో ఆగిపోయేది. ఇరవై గోల్స్ దగ్గరో, ముప్పై దగ్గరో తప్పించుకునే దారి వాళ్ల కళ్ల ముందే ఉంది. ఎవరూ ఆ దారి పట్టలేదు.

పత్రికలు ఆ స్కోరునే రాశాయి. రాయాల్సింది మాత్రం ఆ ఏడుగురు ఎందుకు నిలబడ్డారన్నది.

పదకొండు మంది దొరకరా?

ప్రపంచకప్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన టీకొట్ల దగ్గర, కాలేజీ క్యాంటీన్లలో ఒకే ప్రశ్న: 'నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకరా?' 2026 ప్రపంచకప్‌ను 48 జట్లకు పెంచాక ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తోంది. లక్షన్నర జనాభా ఉన్న కురసావ్ అనే కరీబియన్ ద్వీపం 2025 నవంబర్ 18న ఆ టోర్నీకి అర్హత సాధించింది. అదే రోజు ఢాకాలో మనవాళ్లు బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడారు. 2027 ఆసియా కప్ ఆశలు అప్పటికే ఆవిరైపోయాయి.

ప్రశ్న సరైనదే, దాన్ని అడుగుతున్న చోటే తప్పు. ఆ పదకొండు మందిని ఢిల్లీలోనో, జాతీయ శిబిరంలోనో వెతుకుతున్నాం. నిజానికి వాళ్లు తయారయ్యేది ఊరి మైదానంలో, ఎవరూ చూడని మ్యాచ్‌లో. ఆడి ఓడిపోయి, ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకుని, వారం తిరక్కుండానే మళ్లీ ఆడే అవకాశం ఉన్న చోట. మాడ్రన్ లాంటి జట్లు వందలకొద్దీ ఉన్న దేశంలోనే గొప్ప జట్టొకటి పుడుతుంది.

ఏడుగురే ఎందుకు వచ్చారు?

ఊరి జట్టులో ఎవరికీ జీతం ఉండదు. వారమంతా కూలిపనో, ఉద్యోగమో చేసుకుని సెలవు రోజున ఆడతారు. ఒకరికి షిఫ్టు మారుతుంది. ఒకరికి పెళ్లి కుదురుతుంది. ఒకరికి పరీక్షలు. ఇంకొకరికి మడమ బెణికితే నెల రోజులు విశ్రాంతి, ఆ ఖర్చూ తనదే. ఇవి ఏ ఊళ్లోనైనా ఉండేవే.

అసలు ప్రమాదం వరుస ఓటములతో మొదలవుతుంది. నాలుగు మ్యాచ్‌లు పోగానే బాగా ఆడేవాళ్లు పక్క ఊరి జట్టుకు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లలో సగం మందికి ఉత్సాహం చస్తుంది. ఆదివారం పొద్దున ఫోన్లు మోగుతాయి గానీ ఎవరూ ఎత్తరు. మనుషులు తగ్గేకొద్దీ ఓటమి పెద్దదవుతుంది, ఓటమి పెద్దదయ్యేకొద్దీ మనుషులు తగ్గుతారు. మాడ్రన్ ఆ సీజన్‌లో అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

ఇల్లోగన్ చుట్టుపక్కల ప్రాంతమంతా ఒకప్పుడు తగరపు గనులకు పేరు. లీగ్‌కు 'మైనింగ్' అన్న పేరు ఊరికే రాలేదు. కార్న్‌వాల్‌లో చివరిదాకా నడిచిన సౌత్ క్రాఫ్టీ గని 1998లో మూతపడింది. పని పోయిన చోట కుర్రాళ్లు నిలవరు. కుర్రాళ్లు నిలవని చోట జట్టును నిలబెట్టడం అన్నిటికన్నా కష్టమైన ఆట. ఆ రోజు మాడ్రన్ తరఫున దిగిన ఏడుగురూ ఆడింది ఇల్లోగన్ మీద మాత్రమే కాదు, తమ జట్టు పేరు లీగ్ పట్టికలోంచి చెరిగిపోకుండా కూడా.

రెండు మీటర్ల దూరం, ముప్పై ఏడు గోల్స్

పదేళ్ల తర్వాత జర్మనీలో ఇలాంటిదే ఇంకో మ్యాచ్ జరిగింది. కారణం మాత్రం వేరు. 2020 సెప్టెంబర్ 13, ఆదివారం. జర్మనీ ఫుట్‌బాల్ నిచ్చెనలో పదకొండో మెట్టు మీద ఉన్న లీగ్‌లో రిప్‌డార్ఫ్ రెండో జట్టుకూ హోల్డెన్‌స్టెట్ రెండో జట్టుకూ మ్యాచ్. అంతకుముందు మ్యాచ్‌లో హోల్డెన్‌స్టెట్ ఆటగాళ్లు కరోనా సోకిన వ్యక్తికి దగ్గరగా మెలిగారు. పరీక్షల్లో వాళ్లకు నెగెటివ్ అనే వచ్చింది. కానీ రిప్‌డార్ఫ్ వాళ్లకు ధైర్యం చాలలేదు. మ్యాచ్ వాయిదా వేయమని అడిగితే కుదరలేదు. ఆడకపోతే 200 యూరోల జరిమానా.

ఊరి క్లబ్బుకు ఆ డబ్బు తక్కువేమీ కాదు. దాంతో నియమం అడిగినంత మంది, అంటే ఏడుగురు, ముందుకొచ్చారు. ఆట మొదలవగానే ఒకరు బంతిని ఎదుటి జట్టుకు అందించేశారు. తర్వాత అందరూ గీత వైపు నడిచారు. ఎవరికీ రెండు మీటర్లకన్నా దగ్గరగా వెళ్లలేదు. హోల్డెన్‌స్టెట్ వరసగా కొట్టుకుంటూ పోయింది. చివరికి 37-0.

దీన్ని తమాషాగా చెప్పుకున్నవాళ్లు చాలామంది. కానీ ఆ ఏడుగురి స్థానంలో నిలబడి చూడండి. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉండొచ్చు, పసిపిల్లలు ఉండొచ్చు. ఒకవైపు ప్రాణభయం, ఇంకోవైపు క్లబ్బు మీద పడే భారం. పరువు పోయినా ఫర్వాలేదు, ఈ రెండూ దక్కాలనుకున్నారు. స్కోరు పట్టికలో అలాంటి నిర్ణయానికి గడి ఉండదు.

---

■ చిత్తుగా ఓడిన మ్యాచ్‌లు

36-0: 1885 సెప్టెంబర్ 12న స్కాటిష్ కప్‌లో అర్‌బ్రోత్ చేతిలో బాన్ అకార్డ్ ఓటమి. పద్దెనిమిదేళ్ల జాన్ పెట్రీ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. అదే రోజు అదే టోర్నీలో అబర్డీన్ రోవర్స్ 35-0తో డండీ హార్ప్ చేతిలో ఓడింది.

149-0: 2002 అక్టోబర్ 31న మడగాస్కర్‌లో ఏఎస్ అడెమా చేతిలో ఎస్‌ఓ లెమిర్న్ ఓటమి. రిఫరీ నిర్ణయాలకు నిరసనగా లెమిర్న్ ఆటగాళ్లు తమ వలలోకే బంతిని తన్నుకుంటూ పోయారు.

31-0: 2001 ఏప్రిల్ 11న ప్రపంచకప్ అర్హత పోటీలో ఆస్ట్రేలియా చేతిలో అమెరికన్ సమోవా ఓటమి. పాస్‌పోర్టు చిక్కులతో అసలు జట్టులో గోల్‌కీపర్ నికీ సలాపు తప్ప ఎవరూ మిగల్లేదు. బడి పిల్లల్ని కూడా దించాల్సి వచ్చింది. పదేళ్ల తర్వాత, 2011 నవంబర్‌లో ఆ జట్టు టోంగాపై 2-1తో తన తొలి అధికారిక విజయం అందుకుంది. ఆ రోజూ గోల్ దగ్గర నిలబడింది సలాపూనే.

---

శిథిలాల మీద మైదానాలు

సెలవు రోజు ఆట అంటే ఇంగ్లండ్‌లో తూర్పు లండన్‌లోని హాక్నీ మార్షెస్ పేరే చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలను అక్కడి చిత్తడి నేలలో పోసి చదును చేశారు. దాని మీద ఫుట్‌బాల్ మైదానాలు వెలిశాయి. ఒక దశలో వంద దాటిన మైదానాల్లో ఒకేసారి ఆటలు నడిచేవి. ఓ మైదానంలో తన్నిన బంతి పక్క మైదానంలోకి దొర్లుతుంటుంది. అక్కడివాళ్లు తిరిగి తన్నేస్తారు. రెండు ఆటలూ సాగిపోతాయి.

విచిత్రమేమిటంటే, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం చాలాకాలం ఆదివారం ఆటను గుర్తించలేదు. అది ప్రార్థనల రోజు. కానీ ఆరు రోజులూ ఫ్యాక్టరీల్లో మగ్గే కార్మికులకు మరో రోజు ఎక్కడిది? అధికారుల గుర్తింపుతో పని లేకుండానే లీగ్‌లు పెట్టుకున్నారు, ఆడుకున్నారు. చివరికి సంఘమే దిగొచ్చి 1964లో ఆదివారం జట్ల కోసం ప్రత్యేకంగా ఓ కప్పు మొదలుపెట్టింది.

జర్మనీ సంగతీ అంతే. అక్కడి ఫుట్‌బాల్ సంఘంలో 70 లక్షలకు పైగా సభ్యులు, సుమారు 24 వేల క్లబ్బులు. 37-0తో ఓడిన రిప్‌డార్ఫ్ రెండో జట్టుకూ మ్యూనిక్‌లోని బయర్న్‌కూ మధ్య ఉన్నది ఒకే నిచ్చెన. ఎన్ని మెట్లయినా కావచ్చు, నిచ్చెన మాత్రం తెగదు.

ఓడితే ఇంటికేనా?

మన దగ్గర ఊరి ఫుట్‌బాల్ ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. సంక్రాంతికో, దసరాకో, ఎవరి స్మారకార్థమో టోర్నమెంట్ పెడతారు. షామియానా, మైకు, ముఖ్య అతిథి, నిలువెత్తు కప్పు, నగదు బహుమతి. అంతా మూడు నాలుగు రోజుల సందడి. పద్ధతి నాకౌట్. ఓడినవాళ్లు ఇంటికే.

లెక్క వేసి చూద్దాం. పదహారు జట్లు వస్తే మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండ్‌లోనే ఎనిమిది జట్లు వెళ్లిపోతాయి. అంటే వచ్చినవాళ్లలో సగం మందికి దక్కేది ఒక్క ఆట. దాని కోసం చందాలు వేసుకుని, జెర్సీలు కుట్టించుకుని, ఆటో మాట్లాడుకుని వస్తారు. ఆ ఒక్క ఆట పోయిందంటే మళ్లీ ఏడాది దాకా ఆట లేదు. ఆ ఏడాదిలో పదహారేళ్ల కుర్రాడు పదిహేడుకు వస్తాడు, ఇంటర్ అయిపోతుంది, పనిలో చేరతాడు. మన ఊళ్లలో చాలామంది ఆటగాళ్ల కథ అక్కడితో సరి.

లీగ్ అలా కాదు. ఎనిమిది జట్లు రెండేసిసార్లు తలపడితే 56 మ్యాచ్‌లు. ప్రతి జట్టుకూ 14 ఆటలు. మొదటి ఆదివారం ఆరు గోల్స్ ఇచ్చుకున్న గోలీ రెండో ఆదివారం ఎక్కడ నిలబడాలో నేర్చుకుంటాడు. బంతిని వదలని కుర్రాడు మూడో ఆదివారానికి పాస్ ఇవ్వడం నేర్చుకుంటాడు. పడ్డవాడు చెడ్డవాడు కాదని మన పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే పడ్డవాడు లేచి నిలబడటానికి కాస్త చోటివ్వాలి. నాకౌట్ ఆ చోటివ్వదు, లీగ్ ఇస్తుంది.

హైదరాబాద్‌కు తెలిసిన పాఠమే

ఇదంతా పరాయి దేశాల సంగతి కాదు. ఈ పాఠాన్ని దేశానికి నేర్పిందే హైదరాబాద్. సయ్యద్ అబ్దుల్ రహీం బళ్లో పాఠాలు చెప్పే మాస్టారు. ఉస్మానియాలో చదువుకున్నారు. నగర లీగ్‌లో పేరున్న ఖమర్ క్లబ్ తరఫున ఆడారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యి, చనిపోయేవరకూ ఆ బాధ్యత మోశారు. కుర్రాళ్లకు రెండో కాలు కూడా అలవాటు కావాలని బలహీనమైన కాలితోనే తన్నాలనే షరతుతో పోటీలు పెట్టారు. బంతిని అట్టే పెట్టుకోకుండా అందించడం రావాలని డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది.

సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింట పుట్టిన తులసీదాస్ బలరాం కూడా ఆ స్థానిక ఆట నుంచే వచ్చారు. సిటీ పోలీస్‌లో చేరకముందు నగరంలోని రైడర్స్ క్లబ్‌కు ఆడారు. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో ఆడాడు.

రహీం గెలుపుల గురించి అందరూ చెబుతారు. ఆయన ఓటముల గురించి చెప్పేవాళ్లు తక్కువ. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో ఓడింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. అది నాకౌట్, ఒక్క ఆటతో ఇంటికొచ్చేశారు. పదేళ్ల తర్వాత 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. కానీ అక్కడ గ్రూపు దశ ఉంది. ఓడినా తర్వాతి ఆట ఉంది. థాయ్‌లాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0, సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. ఈసారి 2-1తో బంగారు పతకం మనది.

తొలి ఓటమితోనే ఇంటికి పంపేసి ఉంటే ఆ బంగారం లేదు. బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ లాంటి హైదరాబాదీల పేర్లు ఆ విజయంతో కలిపి చెప్పుకునేవాళ్లమూ కాదు.

---

■ రహీం సాబ్

జననం: 1909 ఆగస్టు 17, హైదరాబాద్

శిక్షకుడిగా: 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం

మరణం: 1963 జూన్ 11. జకార్తా విజయం నాటికే క్యాన్సర్ ఆయన్ను పీడిస్తోంది. ఆ గెలుపు తర్వాత ఏడాది కూడా బతకలేదు.

వెండితెర: అజయ్ దేవగణ్ ఆయన పాత్ర పోషించిన 'మైదాన్' 2024లో విడుదలైంది.

---

పైకప్పు ఉంది, గోడలేవి?

రహీం పోయాక హైదరాబాద్ ఫుట్‌బాల్ మెల్లమెల్లగా వాడిపోయింది. మంచి ఆటగాళ్లను కోల్‌కతా క్లబ్బులు అంతకుముందు నుంచే ఎగరేసుకుపోతున్నాయి. బలరాం నుంచి నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ దాకా ఎందరో అక్కడే పేరు తెచ్చుకున్నారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లు పుట్టుకురావాలంటే కింద లీగ్‌లు బలంగా ఉండాలి. కానీ పోలీసు శాఖ, బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు ఆటగాళ్లకిచ్చే ఉద్యోగాలు తగ్గాయి. నెల జీతం భరోసా లేని ఆటకు పిల్లాణ్ని పంపడానికి ఏ తల్లిదండ్రులైనా జంకుతారు. ఆపైన ఊరి మైదానాలు ఫంక్షన్ హాళ్లుగా, పార్కింగ్ స్థలాలుగా, ప్లాట్లుగా మారిపోయాయి.

ఈ మధ్యకాలంలో పైనుంచి కట్టే ప్రయత్నమూ జరిగింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ ఎత్తింది. కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీల్లో వచ్చిన ఆ గెలుపుకి నగరం మురిసింది. తర్వాత ఆర్థిక కష్టాలు చుట్టుముట్టాయి. 2023-24లో జట్టు పట్టిక అట్టడుగుకు చేరింది. 2025లో ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. కంపెనీ తెచ్చిన జట్టును కంపెనీ తీసుకుపోగలదు. ఊరు పెంచుకున్న జట్టును మాత్రం ఎవరూ ఎత్తుకుపోలేరు. మాడ్రన్ జట్టు 55 గోల్స్‌తో ఓడినా అది మాడ్రన్ ఊరిదే.

దేశంలో దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ మిజోరం. 2011 లెక్కల్లో పదకొండు లక్షల లోపు జనాభా. 2012లో సొంత ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నారు. 2014లో సంతోష్ ట్రోఫీ గెలిచారు. ఆ రాష్ట్రానికి చెందిన ఐజ్వాల్ ఎఫ్‌సీ 2015-16 ఐ-లీగ్‌లో కిందికి దిగజారే స్థానంలో నిలిచింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మరో అవకాశం దక్కింది. మరుసటి సీజన్‌లోనే దేశ ఛాంపియన్ అయింది. ఓడిన జట్టుకు ఇంకో అవకాశం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన నేలలోనూ సత్తువ ఉంది. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతోంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఫుట్‌బాల్ బాట వేసింది. హైదరాబాద్‌లో రహీం పేరిట లీగ్ నడిచిన చరిత్ర ఉంది. కావాల్సింది ఈ బాటను ప్రతి మండలానికీ పొడిగించడమే.

---

■ మీ ఊళ్లో లీగ్ పెట్టాలంటే...

జట్లు: ఎనిమిది చాలు. కాలేజీ, ఆటో స్టాండ్, రైస్ మిల్లు, వాడకట్టు, ఎవరైనా ఒక జట్టు కట్టొచ్చు.

మైదానం: ఒకే గ్రౌండ్‌లో ఆదివారానికి నాలుగు మ్యాచ్‌లు పెడితే 14 ఆదివారాల్లో లీగ్ పూర్తవుతుంది.

మనుషులు చాలకపోతే: ఏడుగురి ఆటగా నడపండి. జరిమానాలు వేసి బలహీనమైన జట్లను తరిమేయకండి.

ఖర్చు: నిలువెత్తు కప్పు మీద పెట్టే డబ్బును వలలు, బంతులు, ప్రథమ చికిత్స పెట్టె, రిఫరీ భత్యం మీద పెట్టండి.

పట్టిక: ప్రతి ఆదివారం సాయంత్రం గ్రంథాలయం గోడ మీదో, పంచాయతీ బోర్డు మీదో పాయింట్ల పట్టిక అతికించండి. ఆఖరి స్థానంలో ఉన్న జట్టు పేరూ అందులో ఉండాలి.

---

ఇక చేయాల్సింది

రెండు తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలూ, క్రీడా ప్రాధికార సంస్థలూ చేయాల్సిన మొదటి పని కొత్త స్టేడియం కట్టడం కాదు. జిల్లాకో లీగ్ కనీసం నాలుగు నెలలు ఆగకుండా నడిచేలా చూడటం. బళ్లూ కాలేజీలూ ఆదివారం గేటు తీసి మైదానం ఇస్తే చాలు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ మిగిలిన ఖాళీ స్థలాల్లో ఒక్కదాన్నైనా ఆటకని రాసిపెట్టాలి. టోర్నమెంట్లకు విరాళాలిచ్చే దాతలు ఒక మాట గట్టిగా అడగాలి: 'మొదటి రోజే ఓడిన జట్టుకు ఇంకెన్ని ఆటలు దక్కుతాయి?' అని.

తల్లిదండ్రులకూ ఓ మనవి. పిల్లాడు ఓడి ఇంటికొస్తే 'నీకెందుకురా ఈ ఆట' అనకండి. 'మళ్లీ ఎప్పుడు ఆట' అని అడగండి. ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు ఉండేలా చూడటం ఊరి బాధ్యత. పదకొండు మంది ఎక్కడ దొరుకుతారని ఇక ఢిల్లీని అడగడం మానేద్దాం. వచ్చే ఆదివారం మన ఊళ్లో ఓడిన జట్టుకు ఒక మ్యాచ్ ఏర్పాటు చేద్దాం. అక్కడినుంచే మొదలుపెడదాం.